గండికోటకు వచ్చిన నిధులు పెనుకొండ ఎక్కలేదేం, మంత్రిగారూ?

శ్రీ కందుల దుర్గేష్ గారికి,
పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.

అయ్యా,

గోదావరి ఒడ్డు వాణ్ని గనుక ముందుగా కృతజ్ఞతలు చెప్పుకుని మొదలుపెడతాను. 2025 జూన్ 26న రాజమహేంద్రవరంలో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. మీరున్నారు, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారున్నారు, ఢిల్లీ నుంచి కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ గారొచ్చారు. 94.44 కోట్ల రూపాయలు. 1997లో రైళ్లు ఆగిపోయిన దగ్గర్నుంచీ గోదారి గాలికి తుప్పు పడుతున్న హేవలాక్ వంతెనకి ఒక దారి దొరికింది. పుష్కర ఘాట్‌కి, కడియం నర్సరీలకి, మీ నిడదవోలు కోటసత్తెమ్మ తల్లి గుడికి కూడా అందులో వాటా ఉంది. 2027 పుష్కరాలు ముంచుకొస్తున్నాయి కాబట్టి అవసరమైన డబ్బే. నాకందులో ఏ పేచీ లేదు.

నా బాధంతా దానికి డబ్బిచ్చిన కేంద్ర పథకంలోని రెండో పద్దు గురించి. కేంద్రం యాభై ఏళ్లకు వడ్డీ లేని అప్పుగా ఇచ్చే ఆ సొమ్ములో, 23 రాష్ట్రాల 40 ప్రాజెక్టులకు కలిపి 3,295 కోట్లకు పైగా పంచినప్పుడు, మన రాష్ట్రం వంతుకు రెండు వచ్చాయి. ఒకటి మన గోదావరి, రెండోది 77.91 కోట్లతో గండికోట. గండికోటకి ఇవ్వొద్దని ఎవరంటారు? పెన్నేరు కోసిన ఆ లోయని చూసినవాడెవడూ అనడు. కానీ రాయలసీమ కోటల్లో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు పెనుకొండ పేరు ఆ బల్ల మీదకి వచ్చిందా? వస్తే ఎవరు తీసేశారు? రాకపోతే ఎందుకు రాలేదు? ఇది అడగడానికే ఈ ఉత్తరం.

నరసాపురం ఎక్కడ, పెనుకొండ ఎక్కడ, నీకెందుకయ్యా ఈ గొడవ అని మా ఊళ్లోనే అడిగారు. ఒకాయనైతే పెనుగొండ అనుకుని, వాసవీ అమ్మవారి గుడికేం లోటు అన్నాడు. ఆ పెనుగొండ మా పక్కనే, ఆచంట దారిలో ఉంది. నేను చెప్పేది శ్రీ సత్యసాయి జిల్లాలో, బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న పెనుకొండ గురించి. మా ఊరి వాళ్లకి ఆ తేడా తెలియకపోతే తప్పు పట్టను. యాత్రకి బయల్దేరే ముందు వివరాల కోసం ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే, అక్కడి మనిషి కూడా పశ్చిమ గోదావరి పెనుగొండకి బస్సులు చెప్పాడు. అది ఏ కార్యాలయమో రాయను. ఆ కుర్రాడి ఉద్యోగానికి ముప్పు తేవడం నా ఉద్దేశం కాదు.

నేను పెనుకొండ ఎందుకు వెళ్లానో చెబుతాను. మా వీధి చివర బట్టల కొట్టు పెట్టుకుని రెండు తరాలుగా ఉంటున్న రాజస్థాన్ జైన కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి పెద్దావిడ నన్ను "మాస్టారండీ" అని మన గోదారి యాసలోనే పిలుస్తుంది. వాళ్ల పిల్లలకి తెలుగు చెప్పింది నేనే. వాళ్లు శ్వేతాంబరులు. ఏటా భీమవరం పక్కన పెదమీరంలో విమలనాథుడి దగ్గరికి వెళతారు, అప్పుడప్పుడూ గుమ్మిలేరు వెళతారు. పెనుకొండలోని పచ్చరాతి పార్శ్వనాథుడి గుడిది దిగంబర సంప్రదాయం. అయినా పార్శ్వనాథుడు అందరి దేవుడేనని, బతికుండగా ఆ పచ్చరాతి స్వామిని చూడాలని ఆవిడ కోరిక. పిల్లలకి తీరిక లేక నన్ను తోడు రమ్మన్నారు. నాకు విజయనగరం వారి కోట చూడాలని ఎప్పట్నుంచో ఉంది. సరేనన్నాను.

పెనుకొండ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం చదివే మా జిల్లా వాళ్ల కోసం రెండు ముక్కలు రాస్తాను. బుక్కరాయల కాలంలో ఆయన కొడుకు విరూపణ్ణ ఆ సీమని ఏలుతుండగా కోటని రాతితో బలపరిచారని 1354 నాటి శాసనం ఉంది. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు పడిపోయి హంపీ బూడిదయ్యాక, తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన రాజ్యాన్ని కట్టుకుని వచ్చి నిలబెట్టింది ఈ కొండ నీడలోనే. తర్వాత చంద్రగిరికి మారేదాకా ఇదే రాజధాని. గగన్ మహల్ ఉంది. పక్కపక్కనే రాముడి గుడి, శివుడి గుడి ఉన్నాయి. షేర్‌ఖాన్ మసీదు ఉంది. బాబయ్య దర్గాకి ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కొండపైన నరసింహస్వామి ఉన్నాడు. వీటన్నిటి మధ్య, వీటిలో కొన్నిటికంటే పాతగా, జైనం ఉంది.

దిగంబర జైనులు నాలుగు విద్యాస్థానాలు చెప్పుకుంటారు. ఢిల్లీ, కొల్హాపూర్, జినకంచి, పెనుకొండ. వారి లక్ష్మీసేన భట్టారకుల బిరుదావళిలో ఈ నాలుగు పేర్లూ వరసగా వస్తాయి. అంటే కొల్హాపూర్‌లోనో తమిళదేశంలోనో ఒక మఠాధిపతి పీఠం మీద కూర్చున్నప్పుడల్లా మన పెనుకొండ పేరు పలుకుతున్నారు. మన రాష్ట్రంలో మాత్రం ఆ పేరు పలికేదెవరు?

మరొక్కటి చెప్పాలి, ఇది నాకు నిద్రపట్టనివ్వని విషయం. 1368లో జైనులకీ వైష్ణవులకీ తగవు వచ్చింది. ఆనెగొంది, హొసపట్టణం, పెనుకొండ, కల్లెహ ఊళ్ల జైనులు తమకి అన్యాయం జరుగుతోందని బుక్కరాయలకి అర్జీ పెట్టుకున్నారు. ఆ తీర్పు శ్రవణబెళగొళలో రాతి మీద ఉంది. శ్రీరంగం, తిరుమల, కంచి, మేలుకోట ఆచార్యులతో సహా వైష్ణవ పెద్దలందర్నీ కూర్చోబెట్టి, జైనుల చేతుల్ని వాళ్ల చేతుల్లో పెట్టి, రెండు దర్శనాలకీ భేదం లేదని రాజు చెప్పాడు. జైనులకి ఎప్పటినుంచో ఉన్న పంచమహావాద్యాలు, కలశం మర్యాద అలాగే సాగాలన్నాడు. జైనుల హానిని తమ హానిగా చూసుకోవాలని వైష్ణవులకి చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. రాజ్యంలో జైనుల ఇంటింటికీ ఏడాదికో హణం నాణెం చొప్పున పోగుచేసి బెళగొళ దేవుడికి ఇరవై మంది కావలివాళ్లని పెట్టమన్నాడు. మిగిలిన డబ్బుతో పాడుబడ్డ జినాలయాలకి సున్నం కొట్టించమన్నాడు. ఆ బాధ్యత తిరుమల తాతయ్య అనే వైష్ణవుడికే అప్పజెప్పారు.

అర్జీ పెట్టినవాళ్లలో పెనుకొండ జైనులున్నారని మళ్లీ గుర్తు చేస్తున్నాను. 1368లో వాళ్లకి జవాబు దొరికింది. ఎవరు కాపలా ఉండాలి, డబ్బు ఎక్కడి నుంచి రావాలి, మిగిలింది దేనికి ఖర్చుపెట్టాలి, ఎవరు చూడాలి, అన్నీ ఉన్నాయి అందులో. ఈ రోజు ఆ కొండకెళ్లి అవే నాలుగు ప్రశ్నలడిగితే చెప్పేవారున్నారా? ఏది కేంద్ర పురావస్తు శాఖది, ఏది రాష్ట్ర శాఖది, ఏది దేవాదాయ శాఖది, ఏది ఎవరిదీ కాదు, అని వచ్చినవాడికి తెలియజెప్పే బోర్డు ఒక్కటైనా మాకు కనిపించలేదు.

మేం చూసింది చూసినట్టు రాస్తాను. కొండ ఎక్కేదాకా స్వామిని చూడనని పెద్దావిడ పట్టుబట్టింది. తీర్థం అంటే కాలినడకేనని ఆవిడ నమ్మకం. చెప్పులు వాహనంలో వదిలేసి పొద్దున్నే మొదలుపెట్టాం. మెట్లు కొంత దూరం బాగానే ఉన్నాయి. తర్వాత రాళ్లు కదిలిపోయి, సందుల్లో తుప్పలు మొలిచి, ఎక్కడ అడుగెయ్యాలో వెతుక్కోవలసి వచ్చింది. ఒక బురుజు మలుపులో సీసా పెంకులు. పచ్చవి, గోధుమరంగువి, మెట్టు నిండా. ఆవిడ కూర్చుండిపోయింది. కాలికి గుచ్చుకుందేమోనని నేను కంగారుపడితే, అది కాదు, వెనకొచ్చేవాళ్ల కాళ్లకి గుచ్చుకుంటాయని చీర కొంగులోకి ఒక్కొక్క పెంకూ ఏరుతోంది. డెబ్బై దాటిన మనిషి. నేనూ కూర్చుని ఏరాను. ఏరుతుంటే ఎదురుగా గోడ. రాళ్ల మధ్య సున్నం కనపడనంత నేర్పుగా పేర్చిన విజయనగరపు గోడ. దాని మీద నీలిరంగు పెయింటుతో రెండు పేర్లు, మధ్యలో బాణం గుచ్చిన గుండె. ఆ రంగు ఏ నీళ్లకీ పోదు.

తాగడానికి నీళ్లు ఆ దారిలో ఎక్కడా లేవు. నియమంగా ఉండే జైనులు కాచిన నీళ్లే తాగుతారు కాబట్టి ఆవిడ తన సీసా తనే తెచ్చుకుంది. నా సంగతి సరే. ఎండాకాలంలో పిల్లల్ని వెంటేసుకుని వచ్చే కుటుంబం ఏం చెయ్యాలి? కోటలో ఒక పాత కట్టడానికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అక్కడున్న మేకల కాపరికి తెలుసు గానీ, ఆ మనిషి ఊళ్లో లేడట. అలాంటప్పుడు అంత దూరం నుంచి వచ్చినవాడు ఏమనుకుంటాడు?

దిగువన పార్శ్వనాథుడి దగ్గరికి వెళ్లాక ఆవిడ అలసటంతా పోయింది. అది నేను కళ్లారా చూశాను. పచ్చరాయి, తలపైన పాము పడగ. దీపం దగ్గరగా పెట్టినప్పుడు రాతి లోపలి నుంచి రంగు వస్తున్నట్టుంటుంది. భుజం మీద, మోకాలి మీద, దీపం ఎటు కదిపితే అటు ఆకుపచ్చ కదులుతుంది. ఆవిడ చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. గుడి చూసుకునేవాళ్లు మమ్మల్ని ఆదరించారు, వాళ్ల మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. ఉన్న కొద్దిమందీ తమ దేవుణ్ని తాము కాపాడుకుంటున్నారు. కానీ ఒక రాజధాని మొత్తాన్ని, ఒక కొండ మొత్తాన్ని వాళ్లే కాపాడాలా?

మీకు ఇక్కడ అత్తిలి సంగతి గుర్తుచేస్తాను, మీ నియోజకవర్గానికీ మా ఊరికీ మధ్యనుందది. 10వ శతాబ్దంలో తూర్పు చాళుక్య రాజు రెండో అమ్మరాజు అత్తిలి నాడులో కలుచుంబర్రు అనే ఊరిని జైనులకి దానమిచ్చాడు. అడిగింది చామెకాంబ అనే స్త్రీ. సర్వలోకాశ్రయ జినభవనంలో అన్నం పెట్టే సాల పాడైపోతే దాన్ని బాగుచేయించడానికి ఆ దానం. దేవుడి మెళ్లో నగ కోసం కాదండీ, వచ్చిన మనిషి కూర్చుని తినే చోటు కోసం ఊరికి ఊరే ఇచ్చారు. మన డెల్టాలో జైనం ఇంత లోతున ఉండేది. పిఠాపురంలో జైన విగ్రహాలనే జనం సన్యాసి దేవుళ్లని కొలిచారు. ఇవన్నీ మన నేల సంగతులు. పెనుకొండ గురించి అడగడానికి నరసాపురం వాడికి హక్కు లేదని ఇకపై ఎవరూ అనరనుకుంటాను.

ఇతర రాష్ట్రాల వైపు ఒకసారి చూడండి. రాజమహేంద్రవరానికి వచ్చిన షెకావత్ గారిది జోధ్‌పూర్. వారి రాజస్థాన్‌లో జైసల్మేర్ కొండకోట లోపలే జైనాలయాలున్నాయి, చిత్తోర్‌గఢ్ మీద జైనుల కీర్తి స్తంభం ఉంది. ఆ రెండు కోటల్నీ మరో నాలుగింటితో కలిపి 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోటని కోటగా, గుడిని గుడిగా, రెండిటినీ ఒకే కొండగా చూపించుకున్నారు వాళ్లు. అంత దూరం ఎందుకు, మన శంకుస్థాపన అయిన పదిహేను రోజులకి, 2025 జూలై 11న, తమిళనాడులోని జింజీ కోట మరాఠా కోటల వరసలో అదే జాబితాకెక్కింది. ఆ జింజీకి దగ్గర్లోనే మేల్ సిత్తామూర్ జైన మఠం ఉంది. జినకంచి పీఠం అదే. నాలుగు విద్యాస్థానాల్లో ఒకదాని పక్కనున్న కోటకి ప్రపంచ గుర్తింపు వచ్చింది. కోట గోడలే తన గోడలైన మరో విద్యాస్థానానికి మనం ఒక వివరాల పలకైనా సరిగ్గా పెట్టించలేకపోతే, ఎవర్ని అడగాలి?

జనం రారని అంటారా? పెనుకొండ మండలంలోనే ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తోంది. ఎక్కడెక్కడి మనుషులో ఆ దారిన తిరుగుతున్నారు. బెంగళూరు నుంచి శని, ఆదివారాల్లో లేపాక్షికి వచ్చే కార్లకి లెక్కలేదు. పుట్టపర్తికి వచ్చే విదేశీయులు ఎటూ ఉన్నారు. ఈ మూడింటి మధ్యనున్న కొండ పెనుకొండ. జనం లేక కాదు, ఆగమని చెప్పేవాళ్లు లేక. డబ్బు లేదంటారా? 2024 డిసెంబర్‌లో కొత్త పర్యాటక విధానం తెచ్చి, పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చామని మీరే చెప్పారు. పరిశ్రమ అన్నాక ముడిసరుకు ఎక్కడుందో చూసుకోరా?

పెనుకొండ ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. రాయదుర్గం కొండకోట మీద రససిద్ధుల గుహలున్నాయి, జైన మునుల శిల్పాలతో. గుంతకల్లు దగ్గర కొనకొండ్ల ఉంది, కుందకుందాచార్యుల ఊరని జైనులు నమ్మే చోటు. మీరు 77.91 కోట్లు తెచ్చిన గండికోటకి వెళ్లేవాళ్లు దిగే జమ్మలమడుగు దగ్గర, అదే పెన్నేరు ఒడ్డున, దానవులపాడు ఉంది. అక్కడ ఇసుకలోంచి తవ్వి తీసిన తీర్థంకరుల విగ్రహాలు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. గండికోట పథకం గీసినవాళ్లకి దానవులపాడు గుర్తొచ్చిందా? ఆ లోయ దగ్గర గుడారాలు వేసుకుని ఫొటోలు తీసుకునే మన పిల్లలకి, పక్కూళ్లో వెయ్యేళ్ల జైన క్షేత్రం ఉందని ఎవరైనా చెబుతారా? ఆ విగ్రహాల నకళ్లైనా అక్కడ పెట్టొచ్చు కదా? ఎవరి అనుమతి కావాలి దానికి?

మా నరసాపురం వాళ్లకి ఎదురుచూడటం కొత్త కాదు. సఖినేటిపల్లి రేవులో శంకుస్థాపన రాళ్లు చూశాం గానీ వంతెన చూడలేదు. అంతర్వేది తీర్థానికి ఇప్పటికీ పంటు మీదే దాటుతున్నాం. దాని గురించి వేరే రాస్తాను, ఇక్కడ కలపను. కలిపితే, తన ఊరి పని కోసం పెనుకొండని అడ్డం పెట్టుకున్నాడంటారు. కానీ ఒక్కటి, వంతెన ఆలస్యమైతే మేం పంటు ఎక్కుతాం. ఊడిపోయిన శాసనపు రాయికి, పెయింటు పడ్డ గోడకి ఆలస్యమైతే ఏం మిగులుతుంది?

గుడికి డబ్బివ్వమని నేనడగడం లేదు. మతానికి ప్రభుత్వం ఎంత ఇవ్వాలన్న తగువులోకి ఈ ఉత్తరాన్ని లాగొద్దని మనవి. ఆ కొండ మీద హిందువులది, ముస్లింలది, జైనులది, ఏ దేవుడూ అక్కర్లేక చరిత్ర కోసం వచ్చేవాడిది, అందరిదీ ఒకటే మెట్లదారి. ఆ దారికి దిక్కెవరు? పెంకులు ఎవరు ఏరాలి? రాత్రిపూట అక్కడ తాగేవాళ్లని ఎవరు ఆపాలి? రాయి జారి ఎవరైనా పడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి? మీ శాఖా, పురావస్తు శాఖా, పురపాలకమా? మూడూ కలిసి ఒక్కసారైనా ఆ కొండెక్కాయా? ఎక్కి ఉంటే ఆ నివేదిక ఎక్కడుంది?

మీరు రాజమహేంద్రవరం మనిషి. హేవలాక్ వంతెన పాత ఇనుమని తూకానికి అమ్మకుండా నిలబెట్టుకోవాలని ఎన్నేళ్లు పోరాడితే ఇక్కడిదాకా వచ్చిందో మీకు తెలుసు. 1900లో కట్టిన వంతెన మీద మనకున్న ప్రేమలో కొంతైనా 1354 నాటి గోడకి దక్కాలని అడుగుతున్నాను. పెనుకొండ వాళ్లకి మీ గోదావరి యాస రాకపోవచ్చు. అందుకే మా యాసలో మేం అడుగుతున్నాం.

తిరుగు ప్రయాణంలో హిందూపురం స్టేషన్లో పొద్దుగూకకముందే భోజనం ముగించాలని పెద్దావిడ తొందరపడింది. సూర్యాస్తమయం తర్వాత వాళ్లు తినరు. అప్పుడు అడిగింది నన్ను, "మాస్టారండీ, మీరు పేపర్లకి రాస్తారు కదా, దీని గురించి రాయరా?" అని. ఇది ఆవిడ మాట కోసం రాశానంటే అబద్ధమవుతుంది. నా కోపం కోసం రాశాను. కానీ అడిగింది మాత్రం ఆవిడ.

పుష్కరాల హడావిడిలో మీకు తీరిక ఉండదని తెలుసు. అనంతపురం వైపు ఏదో సభకి మీరెలాగూ వెళతారు. వెళ్లినప్పుడు హైవే దిగి, అధికారులకి ముందుగా చెప్పకుండా, పొద్దున్నే ఆ మెట్లు ఎక్కండి. పథకంలో పెనుకొండ పేరు ఎందుకు లేదో, వచ్చే విడతలో ఉంటుందో ఉండదో పత్రికాముఖంగానే చెప్పండి. ఉండదనే జవాబైనా ఫరవాలేదు, కారణంతో సహా చెప్పండి. ఆ జవాబు మా వీధి చివరి బట్టల కొట్టుకి నేనే తీసుకెళ్లి చదివి వినిపిస్తాను.

నమస్కారాలతో,
నరసాపురం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు